మా వాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానంటున్నాడు, జర్మనీ నుంచి పంపించమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. పద్దెనిమిదేళ్లుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాం. అబ్బాయి ఇక్కడే పుట్టాడు, జర్మన్ పాస్‌పోర్టే. వయసు 16, గిమ్నాజియంలో పదో తరగతి. పన్నెండో తరగతి తర్వాత అబిటూర్ పరీక్ష, యూనివర్సిటీకి అర్హతనిచ్చేది అదే. చిన్నప్పటి నుంచి హ్యాండ్‌బాల్ ఆడేవాడు. రెండేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప మరో మాట లేదు. ఎత్తు 192 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. క్లబ్ జూనియర్ జట్టులో డిఫెన్సివ్ ఎండ్‌గా ఆడుతున్నాడు, అంటే ఎదుటి జట్టులో బంతి విసిరేవాడి మీదికి దూకే చోటట. వచ్చే ఏడాది అమెరికా హైస్కూల్‌కి వెళ్తాడట, అక్కడి నుంచి కాలేజీ, ఆపైన ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్. ఒక ఏజెన్సీ 'స్కాలర్‌షిప్ గ్యారంటీ' అంటూ 12,000 యూరోలు అడుగుతోంది. వాళ్ల నాన్న ఇక్కడే ఇంజినీరింగ్ చదవాలంటారు. నాకేమో తలకు దెబ్బలు తగులుతాయని భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 12,000 యూరోలు కట్టకండి. స్కాలర్‌షిప్ ఇచ్చేది కాలేజీ. ఎవరికి ఇవ్వాలో చెప్పేది అక్కడి కోచ్. మధ్యలో ఉన్నవాళ్లు పరిచయం చేయగలరు, వీడియో పంపగలరు, క్యాంపులకు తిప్పగలరు. ఆ పనికి తగిన ఫీజు అడిగితే అర్థం ఉంది. తమ చేతిలో లేనిదానికి గ్యారంటీ ఇస్తున్నారంటే మాత్రం వాళ్లని అక్కడే ఆపండి. ఇంకో మాట కూడా అడగండి: పంపేది ఏ వీసా మీద? జె-1 ఎక్స్ఛేంజ్ వీసా అయితే, ఆట చూసి పిల్లవాణ్ని ఫలానా స్కూల్లో పెట్టడం ఆ కార్యక్రమం నిబంధనలకే విరుద్ధం. 'మంచి ఫుట్‌బాల్ స్కూల్లో వేయిస్తాం, జె-1 మీదే' అన్నారంటే వాళ్లకి నియమాలు తెలియవు, లేదా తెలిసీ దాస్తున్నారు.

ఇక మీ వాడి కల. అది గాలిలో మేడ కాదు. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వెళ్లినవాళ్లున్నారు, ఆడినవాళ్లున్నారు. సెబాస్టియన్ ఫోల్మర్ చిన్నప్పుడు ఈతగాడు. పద్నాలుగేళ్లకి డ్యూసెల్‌డార్ఫ్ పాంథర్ క్లబ్‌లో ఈ ఆట మొదలుపెట్టి, హ్యూస్టన్ యూనివర్సిటీకి వెళ్లి, 2009 డ్రాఫ్ట్ (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రెండో రౌండ్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌కి ఎంపికయ్యాడు. బెర్లిన్ కుర్రాడు బ్యోర్న్ వెర్నర్ కనెక్టికట్‌లో హైస్కూల్, తర్వాత ఫ్లోరిడా స్టేట్, 2013లో మొదటి రౌండ్‌లోనే 24వ ఎంపిక. మీ స్టుట్‌గార్ట్‌వాడే యాకోబ్ జాన్సన్ కథ ఇంకా వంకర తిరిగింది. స్టుట్‌గార్ట్ స్కార్పియన్స్ క్లబ్ నుంచి ఫ్లోరిడాలో హైస్కూల్‌కి, అక్కడి నుంచి టెన్నెసీ యూనివర్సిటీకి వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఇంటికొచ్చి మళ్లీ స్కార్పియన్స్‌కే ఆడాడు. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ల అంతర్జాతీయ ఆటగాళ్ల పథకం ద్వారా పేట్రియాట్స్‌లోకి వెళ్లి నిలదొక్కుకున్నాడు.

నన్నడిగితే, మీ ఇంట్లో ముగ్గురూ కూర్చుని చదవాల్సింది బెర్న్‌హార్డ్ రైమాన్ కథ. వియన్నా వైకింగ్స్ క్లబ్ పిల్లవాడు. ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా మిషిగన్‌లో డెల్టన్ అనే చిన్న ఊరికి వెళ్లాడు. అది పేరుమోసిన ఫుట్‌బాల్ స్కూలేమీ కాదు. తిరిగి ఆస్ట్రియా వచ్చి అక్కడే చదువు పూర్తి చేశాడు, తప్పనిసరి సైనిక సేవ కూడా చేశాడు. ఆ తర్వాతే సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లాడు. అదీ టైట్ ఎండ్‌గా, అంటే బంతి అందుకుంటూ ఎదుటివాళ్లను అడ్డుకునే పనీ చేసేవాడిగా. రెండేళ్లు గడిచాక కోచ్‌లు అతన్ని ఆఫెన్సివ్ ట్యాకిల్‌గా (బంతి విసిరేవాడికి అడ్డుగోడలా నిలబడేవాడిగా) మార్చారు. బరువు పెంచాడు, కొత్త పని నేర్చుకున్నాడు, 2022లో మూడో రౌండ్‌లో ఇండియానాపోలిస్ కోల్ట్స్‌కి వెళ్లాడు. 2025లో అదే జట్టుతో నాలుగేళ్లకు సుమారు 10 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంకె చూసి మీ వాడి కళ్లు మెరుస్తాయి. మెరవనివ్వండి. మీరు మాత్రం అతను చదువు ఎక్కడా తెంచుకోలేదన్న సంగతి చూడండి.

ఇందులో మీ వాడు గమనించాల్సింది వేరే ఉంది. ఫోల్మర్ కూడా కాలేజీకి టైట్ ఎండ్‌గానే వెళ్లి ట్యాకిల్ అయ్యాడు. జాన్సన్ డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా మొదలై, చివరికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆఫెన్స్ వైపు ఫుల్‌బ్యాక్ ఆడాడు. యూరప్ నుంచి వచ్చిన కుర్రాడిలో కోచ్ ముందు చూసేది శరీరం, కాళ్ల చురుకు, నేర్చుకునే గుణం. ఎక్కడ ఆడించాలో తర్వాత ఆలోచిస్తాడు. ఎస్తోనియా డిస్కస్ త్రోయర్ మార్గుస్ హంట్, మాంచెస్టర్ నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మెనెలిక్ వాట్సన్, ఇద్దరూ 2013లో రెండో రౌండ్‌లోనే ఎంపికయ్యారు. ఒకరు డిఫెన్సివ్ లైన్, ఇంకొకరు ఆఫెన్సివ్ లైన్. లైన్ అంటే బంతి దగ్గర ఎదురెదురుగా నిలబడే వరుస. ఆలస్యంగా మొదలుపెట్టిన పొడగరులకు లైన్‌లో చోటు దొరుకుతుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సంగతి అలా కాదు, ఆ కళ్లూ ఆ చెయ్యీ చిన్నప్పటి నుంచే తయారవ్వాలి. కాబట్టి 'నేను డిఫెన్సివ్ ఎండ్‌నే' అని మీ వాడు పట్టుబట్టకపోతే మేలు. పదహారేళ్లకి 192 సెంటీమీటర్లంటే ఏ కోచ్ అయినా ఒకసారి తల తిప్పి చూస్తాడు. హ్యాండ్‌బాల్‌లో నేర్చిన పక్క అడుగులు, చేతుల వాడకం వృథా పోవు. వీడియోలో ఆ క్లిప్పులు కూడా ఒకటి రెండు పెట్టమనండి.

కాలేజీ లేకుండా నేరుగా వెళ్లలేమా అని మీ వాడు అడుగుతాడు. మోరిట్స్ బ్యోరింగర్ పేరు చెబుతాడు కూడా. నిజమే, ష్వేబిష్ హాల్ యూనికార్న్స్ నుంచి 2016లో ఆరో రౌండ్‌లో మిన్నెసోటా వైకింగ్స్ తీసుకున్నారు. అమెరికా కాలేజీలో ఆడకుండా డ్రాఫ్టయిన మొదటి యూరోపియన్ అతనే. కానీ అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. వేల్స్ రగ్బీ స్టార్ లూయిస్ రీస్-జామిట్ వేగానికి పేరు. 2024లో రగ్బీ వదిలి ఎన్‌ఎఫ్‌ఎల్ వైపు వెళ్లాడు, రెండు జట్ల మెట్లెక్కి, 2025లో మళ్లీ రగ్బీకే వచ్చేశాడు. ఇద్దరి శరీరాల్లో లోపం లేదు. ఈ ఆటలో ప్రతి బంతికీ పదకొండు మంది పదకొండు వేర్వేరు పనులు చేయాలి. ఎదుటివాడు ఎలా నిలబడ్డాడో చూసి అర క్షణంలో మనసు మార్చుకోవాలి. అది కాలేజీలో మూడు నాలుగేళ్లు వందల సార్లు ఆడితే గానీ ఒంటపట్టదు. అందుకే మీ లక్ష్యం కాలేజీ సీటు. ఎన్‌ఎఫ్‌ఎల్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అసలు చిక్కు శరీరం దగ్గర లేదు, క్యాలెండర్ దగ్గర ఉంది. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. పెద్ద జట్లుండే డివిజన్ వన్‌లో మొదటి ఏడాదే ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి లెక్కేసి 16 ముఖ్య సబ్జెక్టు కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో సగటు అమెరికా కొలతలో 4కి కనీసం 2.3 ఉండాలి. జర్మన్ మార్కులను వాళ్లే తమ కొలతలోకి మార్చుకుంటారు. ఎస్‌ఏటీ, ఏసీటీ పరీక్షలు ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది, అయితే కాలేజీ తన వంతుగా అడగొచ్చు. గడియారం తొమ్మిదో తరగతిలోనే మొదలైపోయింది. మీ వాడి బడిలో 9 నుంచి 12 వరకు సరిగ్గా నాలుగేళ్లు. మధ్యలో అమెరికా వెళ్లి, తిరిగొచ్చి పదకొండులో చేరితే అది ఐదేళ్లవుతుంది. సకాలంలో పూర్తి చేయలేదని ఆ అదనపు ఏడాది కోర్సులు లెక్కలోకి రాకపోయే ప్రమాదం ఉంది. జర్మనీలో పదో తరగతి తర్వాత ఒక ఏడాది విదేశానికి వెళ్లిరావడం మామూలే, బడివాళ్లు సంతోషంగా పంపుతారు. వాళ్లకి ఎన్‌సీఏఏ లెక్క తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ నియమాలు తరచూ మారుతున్నాయి కూడా. అందుకని ఆటగాళ్ల అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరిచి, మీ కేసు రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి. టికెట్లు ఆ తర్వాత.

అసలు వెళ్లడం తప్పనిసరా అంటే కాదు. వెళ్లాలనుకుంటే ప్రైవేటు బోర్డింగ్ స్కూల్ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద రెండేళ్లు ఉంచుకుని అక్కడే హైస్కూల్ పూర్తి చేయించగలదు. ఫీజు మాత్రం భారీగా ఉంటుంది, సాయం దొరికితేనే ఆలోచించండి. ప్రభుత్వ హైస్కూల్లో ఎఫ్-1 మీద పన్నెండు నెలలకు మించి ఉండటానికి లేదు, ఖర్చు మొత్తం మీరే కట్టాలి. దగ్గర్లో అయితే ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో ఎన్‌ఎఫ్‌ఎల్ అకాడమీ ఉంది. 2019లో లండన్‌లో మొదలై అక్కడికి మారింది. 16 నుంచి 19 ఏళ్ల పిల్లలకు చదువూ ఆటా కలిపి నడుపుతారు. సెలక్షన్ ట్రయల్స్ ఉంటాయి. బ్రెగ్జిట్ తర్వాత జర్మన్ పాస్‌పోర్ట్ ఉన్నా అక్కడ చదవడానికి వీసా కావాలి. అబిటూర్ వదిలి బ్రిటిష్ చదువులోకి మారాల్సి వస్తుందన్నది కూడా చూసుకోండి.

మీ వాడికి నేను చెప్పేది మూడో దారి. స్టుట్‌గార్ట్‌లోనే ఉండి అబిటూర్ పూర్తి చేయడం, క్లబ్‌లో ప్రతి మ్యాచ్ వీడియో తీయించుకోవడం. మూడు నాలుగు నిమిషాల హైలైట్ టేప్, దాని వెనకాల ఒకటి రెండు పూర్తి మ్యాచ్‌లు హడల్ అనే వీడియో సైట్‌లో పెట్టాలి. హైలైట్స్‌లో అందరూ హీరోలే, కోచ్‌లు పూర్తి మ్యాచ్ కూడా చూస్తారు. బంతి తన వైపు రానప్పుడు వీడేం చేస్తున్నాడో అందులో తెలుస్తుంది. వేసవిలో, ముఖ్యంగా జూన్‌లో, కాలేజీలు క్యాంపులు పెడతాయి. పదకొండో తరగతి వేసవికి ఐదారు కాలేజీల క్యాంపులు ఒక ట్రిప్‌లో చుట్టి రావచ్చు. స్కూల్ సెలవులు జూలై చివరికి గానీ మొదలుకావు కాబట్టి బడి నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. బరువు, పరుగు సమయం ఉన్నవి ఉన్నట్టే రాయండి. క్యాంపులో అడుగుపెట్టిన పది నిమిషాల్లో వాళ్లే కొలుస్తారు.

ఈ మధ్య ఒక మార్పు వచ్చింది, అది మనకి అంత అనుకూలం కాదు. కాలేజీ ఆటగాళ్లు ఒక చోటు నుంచి మరో చోటికి మారడం తేలికైపోయింది. దాంతో చాలామంది కోచ్‌లు హైస్కూల్ పిల్లవాడి కంటే వేరే కాలేజీలో ఆడి తేలిన ఇరవై ఒక్క ఏళ్లవాణ్ని తెచ్చుకుంటున్నారు. టీవీలో కనిపించే పెద్ద జట్ల మీదే చూపు నిలిపితే నిరాశ తప్పదు. రైమాన్ వెళ్లిన సెంట్రల్ మిషిగన్ స్థాయి కాలేజీలు, ఆ కింది ఎఫ్‌సీఎస్ (డివిజన్ వన్‌లోనే రెండో అంచె), డివిజన్ టూ కాలేజీలు కూడా జాబితాలో ఉండాలి.

ఇక వాళ్ల నాన్నగారికి. సార్, మీరు చెప్పేదాంట్లో లెక్క ఉంది. జర్మన్ ప్రభుత్వ యూనివర్సిటీలో మీ అబ్బాయి చదువుకి ఫీజు దాదాపు లేనట్టే. పూర్తి స్కాలర్‌షిప్ లేకుండా అమెరికా కాలేజీకి పంపి ఏడాదికి పదుల వేల డాలర్లు పోయడం నాకూ నచ్చదు. పాక్షిక స్కాలర్‌షిప్ ఇస్తామంటే, మిగతాది నాలుగేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద వేసుకోండి. కానీ పూర్తిగా ఇచ్చి, ఇంజినీరింగ్ చదవనిచ్చే కాలేజీ దొరికితే కాదనకండి. 'సీజన్‌లో ల్యాబ్ క్లాసులు కుదురుతాయా, మీ జట్టులో ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు ఎంతమంది' అని కోచ్‌ని నేరుగా అడగండి. వాడి మార్కులు బాగుంటే ఐవీ లీగ్ కాలేజీలు కూడా చూడండి. వాళ్లు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. కోచ్ మాట అడ్మిషన్‌లో పనికొస్తుంది.

ఒక విషయం మీ వాడికి ఎవరూ చెప్పి ఉండరు. కాలేజీ ఆటగాళ్లు ఇప్పుడు ప్రకటనల ద్వారా సంపాదిస్తున్నారు, కాలేజీలు కూడా నేరుగా డబ్బు ఇస్తున్నాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాడికి ఆ డబ్బు పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఆ వీసా మీద పని చేయడానికి ఆంక్షలున్నాయి. పక్క లాకర్‌వాడు కారు కొన్నాడని వీడూ ఏదో ఒప్పందం మీద సంతకం పెడితే వీసాకే ఎసరు. జర్మనీలో కూడా అంతే, పెద్దల జట్టులో ఆడిస్తాం, నెలకి ఇంత ఇస్తాం అని క్లబ్ అంటే ఎన్‌సీఏఏని అడగకుండా ఒప్పుకోవద్దు.

కాలేజీలో ఆడేవాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్లేది నూటికి ఇద్దరు కూడా ఉండరు, ఎన్‌సీఏఏ లెక్కే అది. వెళ్లినా ఎంతకాలమన్నది మోకాళ్ల చేతిలో ఉంటుంది. మొదటి రౌండ్‌లో వెళ్లిన వెర్నర్ గాయాలతో ఇరవై ఆరేళ్లకే ఆట మానేశాడు.

తల గురించి మీ భయం, అమ్మా, అనవసరమైనది కాదు. 'హెల్మెట్ ఉందిగా' అని నేను మభ్యపెట్టను. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, లోపల మెదడు కదలడాన్ని పూర్తిగా ఆపలేదు. కళ్లు తిరిగేంత పెద్ద దెబ్బలే కాదు, ఏళ్ల తరబడి తగిలే చిన్న చిన్న దెబ్బలు కూడా కూడుకుంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. మీ వాడు ఆడే లైన్‌లో దాదాపు ప్రతి బంతికీ ఆ చిన్న దెబ్బ ఉంటుంది. కాబట్టి ఈ శనివారం క్లబ్‌కి వెళ్లి కోచ్‌తో మాట్లాడండి. వారంలో ఎన్ని రోజులు ఒళ్లు తగిలే ప్రాక్టీస్ చేయిస్తారు? తల వంచకుండా, భుజంతో ట్యాకిల్ చేయడం ఎవరు నేర్పుతున్నారు? దెబ్బ తగిలిన పిల్లవాణ్ని అదే రోజు మళ్లీ దింపరు కదా? తిరిగి ఆడొచ్చని చెప్పేది డాక్టరా, కోచా? జవాబులు తడబడుతూ వస్తే క్లబ్ మార్చండి. మీ వాడికి కూడా ఒక షరతు పెట్టండి: తల నొప్పి, మసక, వాంతి ఏది వచ్చినా దాచకూడదు, దాస్తే ఆట బంద్. జట్టులో చోటు పోతుందని పిల్లలు దాస్తారు.

ఏజెన్సీకి 'ఇప్పుడు వద్దు' అని ఒక్క లైన్ మెయిల్ చాలు. తొమ్మిదో తరగతి నుంచి ఉన్న మార్కుల షీట్లన్నీ తీసి, ఇంగ్లిష్‌లోకి అధికారిక అనువాదం చేయించి పెట్టుకోండి. ఎలిజిబిలిటీ సెంటర్ నుంచి జవాబు వచ్చాక, వాటితో పాటు వాడి పూర్తి మ్యాచ్ వీడియో ఒకటి నాకు పంపండి. కాలేజీల జాబితా అప్పుడు కూర్చుని వేద్దాం.