డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట) పాత ఎడిషన్ లోకాన్ని ఐదో ఎడిషన్‌లో ఆడాలంటే అంకెలన్నీ మార్చాలా?

అక్కర్లేదు, పటాలు, పాత్రలు, కథ ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి, రాక్షసుల అంకెలు మాత్రం తీసేసి కొత్త పుస్తకంలోవి పెట్టుకోవాలి.

రెండో ఎడిషన్‌లో (1989) ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలకుండా కాచే అంకె, ఎంత తక్కువైతే అంత రక్షణ. 2000లో మూడో ఎడిషన్ దాన్ని తిరగేసింది. అందుకే 20లోంచి పాత అంకె తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చిక్కంతా అక్కడే. ఐదో ఎడిషన్‌లో ప్రొఫిషియెన్సీ బోనస్ (నైపుణ్యం కొద్దీ పాచికకు కలిపే అంకె) +2 నుంచి +6 దాకానే పెరుగుతుంది కాబట్టి ఆర్మర్ క్లాస్‌ని అదుపులో ఉంచి, హిట్ పాయింట్లు (ప్రాణబలం) పెంచారు.

ఓగర్ అనే భారీ రాక్షసుణ్నే చూడండి. పాత లెక్కలో ఆర్మర్ క్లాస్ 5, హిట్ డైస్ (ప్రాణబలం తేల్చే ఎనిమిది ముఖాల పాచికలు) 4+1. మారిస్తే 15, హిట్ పాయింట్లు సగటున 19. అదే ఓగర్‌కి ఐదో ఎడిషన్ 2014 పుస్తకంలో ఉన్నవి ఆర్మర్ క్లాస్ 11, హిట్ పాయింట్లు 59! మార్చి తెచ్చినదానికి దెబ్బ తగలడం కొత్తదానికన్నా కష్టం, తగిలిందా రెండు మూడింటికే కూలుతుంది.

కొత్త పుస్తకంలో లేని జీవి ఎదురైతే దాదాపు అదే బలమున్న మరోదాని అంకెలు తీసుకుని, పాతదాని ప్రత్యేక శక్తి ఒక్కటి తగిలించండి. +5 మాయకత్తులుంటే (దాడికి 5 కలిపేవి) +3కి దించండి, మామూలు మాయాయుధాలకు ఇప్పుడదే హద్దు.