డాక్టరు చెప్పిన ఆపరేషన్ అవసరమో కాదో, సిస్టమాటిక్ రివ్యూలు (ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ వెతికి, కలిపి బేరీజు వేసే నివేదికలు) చూసి మామూలు మనుషులు తెలుసుకోగలరా?

మా ఇంట్లో తెలుసుకున్నాం. చదవడం ఒక రాత్రి పని. చుట్టాలకు నచ్చజెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

అమ్మకు యాభై తొమ్మిదో ఏట కుడి మోకాలు నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, కాలు పట్టేయలేదు, మెట్లు దిగేటప్పుడు నొప్పి, అంతే. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. టోకెన్ పట్టుకుని మూడు గంటలు కూర్చుంటే డాక్టరుగారు మాట్లాడింది నాలుగు నిమిషాలు. అందులో రెండు ఇన్సూరెన్స్ గురించే. ఎమ్మారై చూసి, "మెనిస్కస్ చిరిగిందమ్మా, చిన్న రంధ్రాలు పెట్టి లోపల క్లీన్ చేసేస్తాం" అన్నారు. మెనిస్కస్ అంటే మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మృదులాస్థి.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతికితే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2022లో వేసిన సిస్టమాటిక్ రివ్యూ దొరికింది. అరిగిన మోకాళ్ళకు చేసే ఆర్థ్రోస్కోపీ (డాక్టరుగారు చెప్పిన రంధ్రాల ఆపరేషన్ ఇదే) మీద 16 ట్రయల్స్, మొత్తం 2,105 మంది. ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోలిస్తే నొప్పిలోగానీ నడకలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఉత్తుత్తి ఆపరేషన్ ఏంటని మీకూ అనుమానం వస్తుంది. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద చేసిన ట్రయల్‌లో కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. లోపల కడుగుతున్నట్టు అనిపించడానికి నీళ్ళ చప్పుడు కూడా చేశారట! రెండేళ్ళు చూస్తే, నిజంగా చేయించుకున్నవాళ్ళు వీళ్ళకన్నా బాగున్నదేమీ లేదు. అమ్మకు చదివి వినిపిస్తే పకపకా నవ్వింది.

మళ్ళీ వెళ్ళి అడిగితే డాక్టరుగారు, "గూగుల్ చూసి వచ్చారా?" అన్నారు. చిరిగినట్టు ఎమ్మారైలోనే కనబడుతోంది కదా అన్నారు. ఆ వయసులో చాలామందికి కనబడుతుంది సార్! అమెరికాలోనే ఫ్రామింగ్‌హామ్‌లో యాభై దాటినవాళ్ళకు స్కాన్ తీస్తే, మెనిస్కస్ చిరిగినవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పే లేదు. ఈ మాట అక్కడ అనలేకపోయాను. బయట కారిడార్‌లో మా బావతో అన్నాను. ఆయన రివ్యూ అంటే సినిమా రివ్యూ లాంటిదనుకుని, "ఎవడో రాసింది నమ్మి అత్తయ్య కాలు పాడు చేస్తావా?" అన్నాడు.

అసలు చిక్కు ఇక్కడే. మనవాళ్ళకు ఆపరేషన్ చేయిస్తే కొడుకు బాగా చూసుకున్నట్టు. వద్దంటే డబ్బుకు వెనకాడినట్టు. మా పెద్దమ్మ ఆ మాట మొహం మీదే అంది. ఇన్ని ట్రయల్స్ చేసిన శాస్త్రవేత్తలకు మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఉంటారని తెలుసో లేదో!

యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న కుర్రాళ్ళ మోకాళ్ళు, పూర్తిగా అరిగి మార్చాల్సిన కీళ్ళు వేరే కథ, వాటికి ఇది వర్తించదు. అమ్మ మాత్రం ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన తొడ వ్యాయామాలు చేస్తోంది. నొప్పి మొత్తం పోలేదు. ఎవరైనా ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదని అడిగితే, "మా వాడు బకెట్లో నీళ్ళు చప్పుడు చేస్తానన్నాడులే" అంటుంది.