నా గురించి నన్నే అడగండి

ప్రశ్న: నా వయసు 63. అకౌంట్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. కొడుకు, కోడలితో ఉంటున్నాను. ఇద్దరూ మంచివాళ్లే. కానీ డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నన్ను వదిలి మా అబ్బాయిని అడుగుతారు, ‘ఈవిడకు రాత్రిళ్లు నిద్ర పడుతోందా?’ అని. ఫోనులో ఏదైనా తెలియక అడిగితే కోడలు నా చేతిలోంచి తీసుకుని క్షణంలో చేసిచ్చేస్తుంది, ఎలా చేయాలో చెప్పదు. ఏదైనా పేరు గుర్తురాక తడుముకుంటే మనవడు నవ్వుతాడు. ఒక కంప్యూటర్ కోర్సులో చేరతానంటే, ‘ఈ వయసులో ఎందుకమ్మా, హాయిగా విశ్రాంతి తీసుకో’ అన్నాడు అబ్బాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా మనసు చివుక్కుమంటోంది. ఈ వయసులో ఇవన్నీ అడగడానికే సిగ్గుగా ఉంది. నాదే అతి సున్నితత్వమా?

జవాబు: కాదండీ. ఎవరైనా మాట తూలితే ఎదురు చెప్పవచ్చు. ప్రేమగానే పక్కన పెట్టేస్తే ఏమని ఫిర్యాదు చేస్తారు? మీ ఇబ్బంది అక్కడే ఉంది. వయసును బట్టి మనిషిని తక్కువగా అంచనా వేయడం కూడా వివక్షేనని 1969లోనే అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ తేల్చి చెప్పారు. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి పెద్ద వయసువారి పట్ల చిన్నచూపు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి నివేదికలో పేర్కొంది. మీ ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లు కానక్కరలేదు, అందరిలోనూ ఉన్నదే వాళ్లలోనూ ఉంది.

ముందు డాక్టరు సంగతి చూద్దాం. అక్కడ పోయేది గౌరవం ఒక్కటే కాదు. మీకు రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో పక్క గదిలో పడుకునే అబ్బాయికి ఎలా తెలుస్తుంది? అబ్బాయి అంచనాగా చెప్పిన జవాబును బట్టి డాక్టరు మీకు మందు రాస్తారు. అందుకని ఈసారి బయలుదేరే ముందే అబ్బాయితో చెప్పండి: ‘నన్ను తీసుకెళ్లు, పక్కన కూర్చో, జవాబులు మాత్రం నేను చెబుతాను. నిన్ను అడిగితే నా వైపు చూడు.’ చాలాసార్లు ఆ ఒక్క చూపుతోనే డాక్టరు కుర్చీ మీ వైపు తిరుగుతుంది. తిరగకపోతే, ‘నాకే చెప్పండి డాక్టరుగారూ, రాసుకుంటాను’ అని కాగితం, కలం తీయండి. గొంతు పెంచాల్సిన పని లేదు.

అలాగే ఏ బాధ చెప్పినా ‘వయసు కదా’ అని తేల్చేస్తే అక్కడితో లేచి రాకండి. ‘వయసు కాకుండా ఇంకేదైనా కారణం ఉండవచ్చా? ఏ పరీక్ష చేస్తే తెలుస్తుంది?’ అని అడగండి. మతిమరుపునే తీసుకోండి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 తగ్గడం, కొన్ని మందుల ప్రభావం, మానసిక కుంగుబాటు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటికి చికిత్స ఉంది. అన్నిటినీ వయసు ఖాతాలో రాసేస్తే ఆ చికిత్స అందదు. మరోవైపు, ఎవరైనా మీతో గట్టిగా మాట్లాడితే అవమానంగా తీసుకునే ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి నిజంగానే తగ్గి ఉంటే అది ఒప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇక ఫోను. మీ కోడలిది చిన్నచూపు కన్నా తొందర అని నాకనిపిస్తోంది. వంటగదిలో ఒక చేయి, ఆఫీసు పనిలో ఒక చేయి ఉన్న మనిషికి నేర్పించడం కంటే చేసిపెట్టడమే తేలిక. అందుకని అడిగే సమయం మార్చండి. ‘ఇప్పటికి చేసిపెట్టు, రాత్రి తీరిగ్గా నేర్పించు’ అనండి. నేర్పేటప్పుడు ఒక షరతు పెట్టండి: ఫోను మీ చేతిలోనే ఉంటుంది, ఆమె నోటితో చెబుతుంది, మీ వేలే నొక్కుతుంది. ఏ గుర్తు తర్వాత ఏది నొక్కాలో మీ చేతిరాతతో రాసుకోండి. లెక్కల పుస్తకాలు రాసిన చేయికి అదేమంత పని కాదు.

మనవడి నవ్వుకు పెద్ద పంచాయితీ అక్కరలేదు. ఇద్దరే ఉన్నప్పుడు, ‘నువ్వు అలా నవ్వితే నాకు బాధగా ఉందిరా’ అంటే చాలు, పిల్లలు మనం అనుకున్నదానికన్నా త్వరగా అర్థం చేసుకుంటారు. ఒక్క ప్రశ్న మాత్రం మీరూ వేసుకోవాలి. ‘చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు’ అని మీరు వాడి నోరు మూయించిన రోజులు ఉన్నాయా? అదీ వయసును బట్టి మనిషిని తోసిపుచ్చడమే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది అబ్బాయి మాట కాదు, ‘ఈ వయసులో అడగడానికే సిగ్గుగా ఉంది’ అన్న మీ మాట. అబ్బాయి అన్న ‘ఈ వయసులో’ మీ నోట్లోకి ఎప్పుడో వచ్చేసింది. అమెరికాలోని ఒహాయోలో 50 ఏళ్లు దాటిన వారిని ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం ఫలితాలను పరిశోధకురాలు బెకా లెవీ బృందం 2002లో ప్రచురించింది. తమ వయసు పెరగడం గురించి మంచి అభిప్రాయం ఉన్నవారు, లేనివారి కంటే సగటున 7.5 ఏళ్లు ఎక్కువ బతికారు. ఆలోచన ఒక్కటే ఆయుష్షు పోసిందని నేను అనను. కానీ తమను తాము పనికిరానివాళ్లుగా లెక్క కట్టుకున్నవారు నడకా మానేస్తారు, డాక్టరు దగ్గరికి వెళ్లడమూ వాయిదా వేస్తారు, అది నేను రోజూ చూస్తున్నదే. కాబట్టి పేరు గుర్తురానప్పుడు ‘ముసలిదాన్నయిపోయాను’ అని మీకు మీరే ముద్ర వేసుకోకండి. ‘గుర్తు రావడం లేదు, తర్వాత చెబుతాను’ అనండి.

కోర్సులో చేరండి. అబ్బాయిని అనుమతి అడగకండి, తేదీ చెప్పండి: ‘ఫలానా రోజు నుంచి తరగతులున్నాయి, ఆ సమయంలో నన్ను పిలవకు.’ కొత్త విషయం అందుకునే వేగం వయసుతో కొంత తగ్గుతుంది, అది నిజమే. కాబట్టి పాఠాన్ని మళ్లీ మళ్లీ వినే వీలున్న కోర్సు ఎంచుకోండి. కొన్నాళ్లకు నచ్చకపోతే మానేయండి. పాతికేళ్లవాళ్లు నచ్చని కోర్సు మధ్యలో మానేస్తే ఎవరూ వాళ్ల వయసు ఎత్తరు కదా.