హైస్కూల్లో ఇచ్చిన నవల మా అమ్మాయికి వద్దని చెప్పవచ్చా? టెక్సాస్‌లో మా అనుభవం

మీరు అడిగింది ఇది: డాలస్ దగ్గర ఉంటున్నారు, అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీష్ క్లాసులో అందరూ చదవాలని ఇచ్చిన నవలలో అత్యాచారం సన్నివేశం ఉంది. వద్దనే హక్కు మీకు ఉందా, వద్దంటే మార్కులు పోతాయా, టీచర్ మనసులో పెట్టుకుంటారా?

హక్కు ఉందండి. టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్‌లో 26.010 అనే సెక్షన్ చూడండి. తల్లిదండ్రుల మత విశ్వాసాలకో నైతిక విశ్వాసాలకో విరుద్ధంగా ఉన్న క్లాసు నుంచి పిల్లల్ని తాత్కాలికంగా తప్పించవచ్చు. అయితే ఆ మాట రాసి టీచర్‌కి ఇవ్వాలి, నోటితో చెబితే సరిపోదు. పరీక్ష తప్పించుకోవడానికి దీన్ని వాడకూడదు. సెమిస్టర్ మొత్తం ఒక సబ్జెక్టు మానిపించడానికీ కుదరదు. ఆ గ్రేడ్‌లో నేర్చుకోవాల్సినవి ఎలాగూ నేర్చుకోవాల్సిందే. దీనికి కొంచెం ముందే 26.006 అని ఇంకో సెక్షన్ ఉంది. క్లాసులో వాడే సామగ్రి అంతా చూపించమని అడిగే హక్కు అది ఇస్తుంది. మనవాళ్ళలో చాలామందికి ఈ రెండోది తెలియదు. నన్నడిగితే ఎక్కువగా పనికొచ్చేది అదే.

కానీ ముందు ఆ నవల మీరు చదవండి, మొదటి పేజీ నుంచి చివరి దాకా. వాట్సాప్ గ్రూపులో తిరిగే రెండు పేజీల ఫోటో చదివి వెళితే, స్కూల్లో ఎవరిని కలిసినా మొదట అడిగేది "పుస్తకం చదివారా?" అనే. మా ఇంట్లోనూ ఇలాంటి నవలే వచ్చినప్పుడు మా ఆవిడా నేనూ చెరో కాపీ లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాం. చదివాక కూడా మా అభ్యంతరం పోలేదు. కాకపోతే ఏ అధ్యాయం దగ్గర, ఎందుకు అన్నది స్పష్టంగా చెప్పగలిగాం.

అప్పుడు మా పెద్దమ్మాయి పదో తరగతి. టీచర్‌కి రాసిన ఈమెయిల్ చిన్నదే. మీ బోధన మీద ఫిర్యాదు కాదు, పుస్తకం క్లాసులోంచి తీసేయమనీ అడగడం లేదు, మా పిల్లకి మాత్రం ఈ యూనిట్‌కి ఇంకో పుస్తకం ఇవ్వండి, అదే స్థాయిది, అంతే పని ఉండేది. ఇంతే రాశాం. మర్నాడే జవాబు వచ్చింది. రెండు పుస్తకాల పేర్లు ఇచ్చి ఎంచుకోమన్నారు. మార్కులు తగ్గలేదు. ఏడాది చివర టెక్సాస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష గురించి మాకు కొంచెం టెన్షన్ ఉండేది. అందులో క్లాసులో చదివిన నవల మీద ప్రశ్నలు రావు, అక్కడికక్కడ ఇచ్చిన భాగం చదివి రాయాలి. కాబట్టి ఆ భయం పెట్టుకోవద్దు.

ఇక పిల్ల వైపు నుంచి చూస్తే కథ వేరు. ఆ యూనిట్ నడిచినన్నాళ్ళూ ఇంగ్లీష్ పీరియడ్‌కి ఆమె లైబ్రరీలో ఒక మూల బల్ల దగ్గర కూర్చునేది. ముందు స్టేపుల్ చేసిన ప్రశ్నల కట్ట, పక్కన వేరే పుస్తకం. క్లాసులో మిగతావాళ్ళు గుండ్రంగా కూర్చుని వాదించుకుంటుంటే ఈమె జవాబులు రాసి ట్రేలో పెట్టి వచ్చేది. లంచ్‌లో స్నేహితులు "మీ ఇంట్లో ఎందుకు వద్దన్నారు?" అని అడుగుతారు కదా. ఏముందో చెప్పడానికి తను ఆ కథ సారాంశం ఫోన్‌లో చదివేసింది. అంటే మేం వద్దనుకున్న సన్నివేశం ఆమెకు తెలిసింది. తెలియకుండా పోయింది దాని గురించి పెద్దవాళ్ళ సమక్షంలో జరిగిన చర్చ ఒక్కటే. అయినా అప్పటి తన వయసుకీ, స్వభావానికీ మేం అడిగింది సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను. మీరు కూడా ఇదంతా లెక్కలో వేసుకునే అడగండి.

ఈ హక్కు మీ అమ్మాయిని ఆ గదిలోంచి బయటికి తేగలదు కానీ గదిలో ఏం చెప్పాలో మార్చలేదు. పేరెంట్స్ మీటింగుల్లో ఎక్కువ గొడవలు ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తాయి.

కోర్టులు కూడా ఎన్నో ఏళ్ళు మొదటిదానికే, అంటే పిల్లల్ని బయటికి పంపడానికే, ఒప్పుకోలేదు. టెనెసీలోని హాకిన్స్ కౌంటీలో కొందరు క్రైస్తవ తల్లిదండ్రులు స్కూల్లో చదివించే రీడర్ల (పాఠ్యపుస్తకాల) మీద కేసు వేస్తే, 1987లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. పిల్లలు ఒక విషయం చదివినంత మాత్రాన వాళ్ళ మత స్వేచ్ఛకు భంగం కలిగినట్టు కాదంది. ఆ గాలి మారింది 2025 జూన్ 27న. వాషింగ్టన్ పక్కనున్న మాంట్‌గోమరీ కౌంటీలో చిన్న తరగతులకు ఎల్‌జీబీటీ పాత్రలున్న కథల పుస్తకాలు పెట్టారు. తప్పించే వెసులుబాటు మొదట ఇచ్చి 2023లో ఆపేశారు. ముస్లిం, కేథలిక్, ఉక్రేనియన్ ఆర్థడాక్స్ కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. సుప్రీంకోర్టు 6-3తో వాళ్ళ వైపు నిలిచింది. కేసు తేలేవరకు ముందుగా చెప్పాలి, కోరితే పిల్లల్ని బయటికి పంపాలి అంది. విభేదించిన ముగ్గురు జడ్జీల భయం ఏమిటంటే, ప్రతి పాఠానికీ ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతే పబ్లిక్ స్కూలు నడిచేదెలా అని. అదీ ఊరికే కొట్టిపారేసే మాట కాదు. గుర్తుంచుకోండి, ఆ తీర్పు మత విశ్వాసం గురించి, చిన్నపిల్లల గురించి. "మాకు నచ్చలేదు" అనే కారణానికి అది అండ కాదు. మీకు టెక్సాస్ సెక్షనే దగ్గరి దారి.

మన ఊళ్ళో అయితే ఈ ప్రశ్నే పుట్టదు. టెన్త్‌లో నాన్-డిటెయిల్డ్ ఏం పెట్టాలో మా నాన్నని అడిగినవాడు లేడు. ఆయనకూ అడగాలని తోచి ఉండదు.

గదిలో చెప్పేదే మార్చాల్సిన సందర్భం మాకు రెండోవాడితో వచ్చింది. ఆరో తరగతి సోషల్‌లో ప్రపంచ సంస్కృతులు, అందులో ఇండియా యూనిట్. ఒకరోజు వాడు ఒక వర్క్‌షీట్ తెచ్చాడు. పిరమిడ్ బొమ్మ, పైన బ్రాహ్మణులు, కింద శూద్రులు, బొమ్మకి బయట ఒక డబ్బా. కింద రాసింది: ఒక లెవెల్ ఎంచుకుని ఒక రోజు డైరీ రాయండి. వాడు నన్నడిగింది, "మనది ఏ లెవెల్ నాన్నా?" క్లాసులో పక్క పిల్లాడు అడిగాడట, వీడికి జవాబు తెలియలేదు.

గ్రూపులో పెడితే సగం మంది వెంటనే తప్పించమన్నారు, మిగతావాళ్ళు అసలు కులం ప్రస్తావనే పుస్తకాల్లో ఉండకూడదన్నారు. నేను రెండూ చేయలేదు. క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఇండియన్ పిల్లాణ్ణి ఇండియా పాఠం రోజున బయట కూర్చోబెడితే మిగతావాళ్ళకి ఏం అర్థమవుతుంది? ఇక కులం లేదని చెప్పమని అడగడానికి నాకు నోరు రాదు. మా ఊళ్ళో ఎవరి ఇల్లు ఎటువైపో నాకు తెలుసు.

స్కూలయ్యాక వెళ్ళి టీచర్‌ని కలిశాను. తెలిసిందేమిటంటే, ఆ కాగితం టెక్స్ట్‌బుక్‌లోదీ కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఇచ్చిందీ కాదు. టీచర్లు ఒకరికొకరు పాఠాలు అమ్ముకునే వెబ్‌సైట్‌లో ఆమె కొనుక్కున్నది. పాఠ్యప్రణాళిక మీద కోపంతో వెళితే చివరికి తేలేది చాలాసార్లు ఇలాంటి కాగితమే. డైరీ రాయించడం మానేసి, 1950 నుంచి అమల్లో ఉన్న భారత రాజ్యాంగంలో 17వ అధికరణ అంటరానితనాన్ని నిషేధించిందనీ, ఆ రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు అంబేద్కర్ అనీ చేర్చమన్నాను. ఆమె నోట్ చేసుకుంది. మరుసటి ఏడు మా ఫ్రెండ్ వాళ్ళ పాపకి వచ్చిన పాఠంలో పిరమిడ్ ఉంది, డైరీ లేదు, అంబేద్కర్ ఫోటో ఉంది.

టీచర్ స్థాయి దాటితే పని బరువెక్కుతుంది. కాలిఫోర్నియాలో 2005-06లో ఆరో తరగతి పుస్తకాల్లో హిందూమతం గురించి రాసినదాని మీద ఏం జరిగిందో అక్కడి మనవాళ్ళని అడగండి. కొన్ని హిందూ సంస్థలు మార్పులు కోరాయి, చరిత్రకారులు, దళిత సంఘాలు కొన్ని మార్పుల్ని గట్టిగా వ్యతిరేకించారు, విషయం కోర్టు దాకా వెళ్ళింది. 2016లో మళ్ళీ మొదలైంది. "ఇండియన్ పేరెంట్స్" అంటే ఒకే గొంతు కాదని అందరికీ తెలిసొచ్చింది.

టెక్సాస్‌లో ఈ నిర్ణయాలు తీసుకునేది ఎన్నికైన 15 మంది ఉన్న స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్. 2024 నవంబర్‌లో బ్లూబానెట్ అనే ఎలిమెంటరీ పాఠాల్ని 8-7తో ఆమోదించారు. రీడింగ్ పాఠాల్లో బైబిల్ కథలు ఉన్నాయి. డిస్ట్రిక్టులు తీసుకోవడం తప్పనిసరి కాదు, తీసుకుంటే విద్యార్థికి 60 డాలర్ల దాకా అదనంగా వస్తాయి. ఇలాంటిచోట ఆప్ట్ అవుట్, అంటే పిల్లల్ని తప్పించే ఆ హక్కు, ఎందుకూ కొరగాదు. ఒక నవలైతే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తప్పించవచ్చు. పాఠాల్లో అక్కడక్కడా కలిసిపోయినదాన్ని ఏ రోజు తప్పిస్తారు? అక్కడ చేయగలిగింది మీ డిస్ట్రిక్ట్ అది తీసుకుందో లేదో కనుక్కోవడం, బోర్డ్ మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్‌కి పేరు ఇవ్వడం, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు ఓటెయ్యడం. హెచ్1బీ మీద ఉన్నా మీటింగ్‌లో మాట్లాడటానికి అడ్డేమీ లేదు. మనవాళ్ళు ఇది తెలియక వెనక కుర్చీల్లో కూర్చుంటారు.

టీచర్ మనసులో పెట్టుకుంటారా అన్నారు. నేను చూసినంతలో వాళ్ళకి విసుగు పుట్టించేవి రెండే. తమని అడక్కుండా నేరుగా ప్రిన్సిపల్‌కి పోవడం, ఎస్సే రేపు ఇవ్వాలనగా ఈ రాత్రి ఈమెయిల్ పెట్టడం. కాబట్టి ముందు టీచర్‌కే రాయండి, వారం టైమివ్వండి. జవాబు లేకపోతే అప్పుడు ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి, ఆ తర్వాతే ప్రిన్సిపల్‌కి. ప్రత్యామ్నాయంగా మీరే రెండు పుస్తకాలు సూచిస్తే పని త్వరగా అవుతుంది. వచ్చే ఏడాది నుంచి ఆగస్టులో సిలబస్ రాగానే పుస్తకాల జాబితా చూసుకోండి.

మీ అమ్మాయి ఏమంటోందో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆమె ఇప్పటికే సగం చదివేసి ఉండవచ్చు. ఈమెయిల్ పంపేముందు ఆ సంగతి కనుక్కోండి.