డబ్లిన్‌లో రెండేళ్ల బాబు, ఒక కాప్సికం, ఆకుపచ్చ రంగు

చెల్లెమ్మా, ఇక్కడి ఐరిష్ పండగ సెయింట్ పాట్రిక్స్ డేకి రెండేళ్ల బాబుతో ఏం రంగులు వేయించాలని అడిగావు. షాపుల్లో అమ్మే కిట్లు మాత్రం కొనకు. ఒక కాప్సికం చాలు. అడ్డంగా కోసి, గింజలు దులిపి, కోసిన వైపు ఆకుపచ్చ రంగులో అద్ది కాగితం మీద నొక్కించు. ఐర్లండ్ గుర్తయిన మూడాకుల షామ్‌రాక్ అచ్చు పడుతుంది. కొనేటప్పుడే కాయ తిరగేసి అడుగున మూడు బుడిపెలున్నది ఏరుకో. నాలుగున్నది కోస్తే నాలుగాకులు పడతాయి. అది అదృష్టానికి గుర్తేగానీ షామ్‌రాక్ కాదు. కాడ నువ్వే వేలితో గీసెయ్.

ఐర్లండ్ జెండా వేయిస్తే మాత్రం జాగ్రత్త. వచ్చిన కొత్తలో మా అమ్మాయితో ముందుగది కిటికీ అద్దం మీద లోపలివైపు జెండా వేయించాను. రంగులో గిన్నెలు కడిగే సబ్బు కాస్త కలిపితే తర్వాత తేలిగ్గా తుడిచెయ్యొచ్చు. అంతవరకు తెలివిగానే చేశాను. ఎడమ పక్క ఆకుపచ్చ, మధ్యలో తెలుపు, కుడి పక్క నారింజ. గదిలోంచి చూస్తే లక్షణంగా ఉంది. వీధిలోంచి చూసేవాళ్లకి మాత్రం తిరగబడి ఐవరీ కోస్ట్ జెండా అయి కూర్చుంది! పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, నవ్వాపుకుంటూ, "మీది ఐవరీ కోస్టా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చాననుకో. కానీ ఆ వీధిలో మా తలుపు తట్టిన మొదటి మనిషి ఆవిడే. అప్పటిదాకా మా ఆయన ఆఫీసుకెళ్తే మాట్లాడేందుకు పసిపిల్ల తప్ప దిక్కులేదు. చలికాలం నాలుగున్నరకే చీకటి. దిగులేసి అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ పడుకునే వేళ.

అందుకే చెబుతున్నా, ఇంట్లోనే కూర్చుని రంగులు వేయించకు. పారిష్ హాల్లోనో (చర్చి వాళ్ల హాలు) కమ్యూనిటీ సెంటర్లోనో పేరెంట్ అండ్ టాడ్లర్ గ్రూప్ ఉంటుంది, తల్లులు చిన్నపిల్లల్ని తీసుకుని కలుస్తారు, కనుక్కో. లైబ్రరీ సభ్యత్వం ఉచితం. బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు నిండాక ఈసీసీఈ అనే ప్రభుత్వ పథకం కింద ఉచిత ప్రీస్కూల్ వస్తుంది, ఆ రూల్స్ ప్రభుత్వ సైట్‌లో చూసుకో. తెలుగు వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటావేమో. మీకు అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి, మాకు అప్పట్లో ఆ భాగ్యం లేదులే. మునక్కాడలు ఎక్కడున్నాయో గ్రూపులో చెబుతారు. మధ్యాహ్నం వచ్చి నీతో టీ తాగేవాళ్లెవరు?

టాడ్లర్ గ్రూపులో వేయించడానికి గొర్రెల బొమ్మ బాగుంటుంది. ఆకుపచ్చ కాగితం మీద, తెల్లరంగులో ముంచిన దూదిఉండతో బాబు అద్దుకుంటూ పోతాడు. నల్లరంగులో వాడి బొటనవేలు ముంచి నొక్కితే మొహం. వీపు మీద నీలమో ఎరుపో ఒక మరక పెట్టించు. డబ్లిన్ పక్కనున్న విక్లో కొండల్లో గొర్రెలు హోలీ ఆడినట్టు కనిపిస్తాయి, ఏవి ఎవరివో తెలియడానికి రైతులు వేసే గుర్తులవి. ఆ మరక చూస్తే పక్కన కూర్చున్న ఐరిష్ తల్లి తప్పకుండా పలకరిస్తుంది. తను మొదలుపెట్టకపోతే వాతావరణం గురించి నువ్వే ఎత్తు, ఇక్కడ దానితో గంట గడిచిపోతుంది.

ఇంట్లో వేయిస్తే కార్పెట్ మీద పాత దుప్పటి పరుచు. అద్దె ఇల్లంటున్నావు, డిపాజిట్ ఎంత కట్టారో మీ ఆయన్ని అడుగు, చెబుతాడు.