పాత అంబాసిడర్‌ను ఇంటిల్లిపాదీ తిరిగే బండిగా మార్చాలంటే డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మీ తాతగారి 1986 మార్క్-4 పెట్రోల్ అంబాసిడర్ ఉందని, అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్ నుంచి ఊరికి వెళ్లొచ్చేలా దాన్ని మార్చాలని, కొత్త ఇంజిన్, ఏసీ, పవర్ స్టీరింగ్, టచ్ స్క్రీన్ పెట్టిస్తే ఎంతవుతుందని అడిగారు. చేయొచ్చండి. మేం చేశాం, ఇప్పటికీ అందులోనే తిరుగుతున్నాం. కానీ మీరు రాసిన వరసలో మాత్రం వెళ్లొద్దు. మేం అచ్చం అదే వరసలో వెళ్లి, ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాం.

మాది 1996 మోడల్, 1800 ఐఎస్‌జడ్, అంటే ఇసుజు ఇంజిన్ ఉన్న అంబాసిడర్. నాన్న తెనాలిలో ఉండగా కొన్న బండి. 2015లో ఆయన పోయాక ఆరేళ్లు వేపచెట్టు కింద కదలకుండా ఉంది. అమ్మేద్దామని రెండుసార్లు బేరం కూడా పెట్టాం. కొనేవాళ్లు ఇనుము ధర కట్టి మాట్లాడుతుంటే అమ్మ లోపలికి వెళ్లిపోయింది, దాంతో ఆ మాట అక్కడే ఆపేశాం. 2021లో విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాం.

మాకు అప్పుడు ఏం తెలుసు? పిల్లలు ఎండకు ఏడుస్తారు కాబట్టి ఏసీ కావాలి, పైకి బాగుండాలి కాబట్టి పెయింట్ కావాలి. ఆ రెండూ చేయించాం, మంచి సీటు కవర్లు, పాటలకు కొత్త సెట్టు కూడా పెట్టించాం. బండి తళతళలాడింది. 2022 మేలో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, ఏసీ ఆపేశా, కాస్త తగ్గింది, ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి డ్యాష్‌బోర్డు కింద నుంచి వైరు కాలిన వాసన, వెనకే సన్నగా పొగ. బండి పక్కన ఆపి, పిల్లల్ని దింపి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే లోపు నా చేతులు వణికిపోయాయి. అడవి మధ్యలో, మిట్ట మధ్యాహ్నం, అమ్మ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా గుండె బరువెక్కుతుంది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఏసీ బిగించిన షెడ్డువాళ్లు బ్లోయర్‌కి కరెంటు ఇగ్నిషన్ వైరు నుంచి తీసుకున్నారు, మధ్యలో ఫ్యూజు లేదు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) లేదు. పాతికేళ్ల వైరు అంత కరెంటు మోయలేక వేడెక్కి పైపొర కరిగింది. రేడియేటర్ సగం పూడిపోయి ఉందని ఎవరూ చూడలేదు, మేమూ అడగలేదు. దాని ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) బిగించేసరికి రేడియేటర్‌కి అందే గాలి ఇంకా తగ్గింది. ఏసీ అంటే ఇంజిన్‌కి, రేడియేటర్‌కి, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌కి, వైరింగ్‌కి ఒకేసారి పెరిగే బరువు. ఆ నాలుగూ సిద్ధంగా లేకుండా ఏసీ పెట్టించకూడదు.

అందుకే మొదటి పని బాడీ. పెయింట్ సంగతి తర్వాత. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, కింది ఫ్లోరు, పక్క రేకులు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అందుకని ఫ్లోరు తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన సమస్య కాదు. వెనక సీటు, కార్పెట్లు అన్నీ తీయించి చూడండి. డిక్కీలో స్టెప్నీ కింద, తలుపుల అడుగున, బ్యాటరీ కూర్చునే రేకు దగ్గర, అన్నిటికంటే ముఖ్యంగా వెనక కమాన్ పట్టీలు (వెనక చక్రాల దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బాడీకి కలిసే చోట. ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి పట్టుకుని బండి చుట్టూ తిరగండి, మందంగా పుట్టీ పెట్టిన చోట అది నిలవదు. మా బండికి ఎడమ పక్క ఫుట్‌బోర్డు పొడవునా అంటుకోలేదు. మొదటిసారి టింకరింగ్ చేసినవాళ్లు తుప్పు మీదే పుట్టీ రాసి రంగు వేశారన్నమాట. రెండోసారి పాత రేకు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం, లోపలి వైపు తుప్పు పట్టకుండా మందు కొట్టించాం. రెండోసారి టింకరింగ్, పెయింటింగ్‌కే లక్షా నలభై ఐదు వేలైంది.

ఆ తర్వాత బ్రేకులు. మాకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. తర్వాతి అంబాసిడర్లకు కంపెనీయే ముందు చక్రాలకు డిస్కులు ఇచ్చింది కాబట్టి ఆ సామాను దొరుకుతుంది, బిగించడం కొత్త ప్రయోగమేమీ కాదు. దాంతోపాటు కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్, బ్రేక్ ఆయిల్‌ను రెండు విడి లైన్లలో పంపే టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించాం. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను, ఎక్కడ ఒక్క పైపు కారినా పెడల్ నేలకు అంటుతుంది. టాండెమ్‌లో ఒక వైపు పోయినా రెండో వైపు మిగులుతుంది. మీ బండికి ఏది ఉందో బండి కింద పడుకుని చూడండి, మెకానిక్ నోటి మాట మీద నమ్మొద్దు. రబ్బరు హోసులన్నీ మార్చేయండి, బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చండి. అంతా కలిపి మాకు 38 వేలు అయింది. ఈ బండి మీద పెట్టిన ఖర్చులో నాకు తృప్తినిచ్చింది ఇదే.

వైరింగ్ మొత్తం కొత్తది లాగించుకోండి, అతుకులొద్దు. 32 వేలు తీసుకున్నారు మా దగ్గర, లైట్లతో కలిపి. ప్రతి పెద్ద లోడుకీ విడిగా ఫ్యూజు, హెడ్‌లైట్లకు, హారన్‌కు, ఏసీ ఫ్యానుకు రిలేలు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటు అంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండానే వెళ్లొస్తుంది, అంత దూరం పాత తీగలో వోల్టేజీ పడిపోయి లైటు పసుప్పచ్చగా మినుకుమినుకుమంటుంది. రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చాక మామూలు 60/55 వాట్ల బల్బుతోనే రోడ్డు శుభ్రంగా కనబడుతోంది. కళ్లు జిగేల్మనే తెల్ల ఎల్‌ఈడీలు పెట్టించకండి, ఎదురొచ్చేవాళ్లకు నరకం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇంజిన్. మీ 1489 సీసీ ఇంజిన్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కుటుంబం నుంచి వచ్చింది, మన అంబాసిడరే ఆ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 రూపం కదా. దాని బలం సుమారు 50 హార్స్‌పవర్. మా ఐఎస్‌జడ్‌లో ఉన్న 1817 సీసీ ఇసుజు ఇంజిన్ సుమారు 75, పైగా ఐదు గేర్లు. ఐదుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే ఆ తేడా మీకు బాగా తెలుస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. ఇసుజు ఇంజిన్ మీ బండిలో పడుతుంది, కంపెనీయే వేసింది కాబట్టి. ఆటోనగర్‌లో ఎవరినడిగినా వారంలో చేసిస్తామంటారు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. అది లేకుండా మారిస్తే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డప్పుడు ఇబ్బంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర అంతకంటే పెద్ద ఇబ్బంది. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

ఇంకో మాట. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు నిండి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. మీది 2036లో ఆ వయసుకు వస్తుంది. అలా రిజిస్టర్ చేస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకే, కాబట్టి ఇప్పుడు మీకు అది అక్కర్లేదు. కానీ తాతగారి బండి రేపు మీ పిల్లలు అలా దాచుకోవాలనుకుంటే దారి మూసేయకండి. నేనైతే మీ ఇంజిన్‌నే విప్పించి బోరింగ్, హెడ్డు, వాల్వులు చేయించి, కొత్త క్లచ్ వేయించి, ఏసీని ఎక్కుడు దార్లలో ఆపేసుకుంటూ నడుపుతా. తీసిన ప్రతి పాత సామానూ చీటీ కట్టి అటక మీద పెట్టండి. మా డ్రమ్ములు, పాత మీటర్లు, అసలు స్టీరింగ్ అన్నీ ఇప్పటికీ తెనాలి ఇంట్లో ఉన్నాయి.

పెట్రోలు సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి తట్టుకునేలా తయారైనవి కావు, మెత్తబడి కారతాయి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు అడిగి వేయించండి, ట్యాంకు దింపి కడిగించండి, నెలలతరబడి పెట్రోలు నిలవ ఉంచకండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాకే ఏసీ. రేడియేటర్‌కి కొత్త రాగి కోరు, నీళ్ల బదులు కూలెంట్, థర్మోస్టాట్ స్విచ్‌తో ఎలక్ట్రిక్ ఫ్యాన్, 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్. పైకప్పు లోపల, ఇంజిన్‌కీ మనకీ మధ్య ఉన్న గోడకి వేడి ఆపే షీటు అంటించాం, ఏసీ పని సగం అదే చేస్తుంది. శబ్దం కూడా తగ్గింది, అమ్మ వెనక సీట్లో మాట్లాడితే ఇప్పుడు ముందుకి వినబడుతోంది. పవర్ స్టీరింగ్ మేం పెట్టించలేదు. రేడియల్ టైర్లు, కొత్త బుష్‌లు, గ్రీజు ఎక్కించే నిపుల్స్ అన్నిటికీ గ్రీజు, అలైన్‌మెంట్ సరిచేయించాక పార్కింగ్‌లో తప్ప బరువు అనిపించలేదు. ముందు అది చేయించి చూడండి. టచ్ స్క్రీన్ గురించి నా దగ్గర పెద్దగా చెప్పేదేమీ లేదు, ఫోను పెట్టుకునే స్టాండు చాలు.

సీట్ల గురించి మాత్రం గట్టిగా చెప్తా. మీ మార్క్-4లో ముందు ఒకటే పొడుగు సీటు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉంటుంది, తలకి ఆనుకునేది ఉండదు. పిల్లలతో హైవే మీద వెళ్లే బండికి అది చాలదు. తల ఆనిక ఉన్న విడి సీట్లు వేయించండి. వెనక మూడు పాయింట్ల బెల్టులు వేయించండి, ఆ బెల్టు బోల్టులు ఉత్త రేకుకి కాకుండా మందపాటి ప్లేటు వెల్డింగ్ చేసిన చోట దిగాలి, లేకపోతే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా ఊడొస్తాయి. చిన్నపిల్లకి విడిగా చైల్డ్ సీటు. పాత ఇనుము గట్టిది, ఏమీ కాదు అని ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అంటారు, దయచేసి ఆ మాట నమ్మకండి. ఇప్పటి కారు ముందు భాగం నలిగిపోయి దెబ్బని మింగేలా చేస్తారు, మన బండి నలగకపోతే ఆ దెబ్బ లోపలున్న మనకే తగులుతుంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, వాటిని ఎంత డబ్బు పెట్టినా తెచ్చి బిగించలేం. నేను 80 దాటను, రాత్రి ప్రయాణం పెట్టుకోను. ఈ రెండూ మీకు కుదరకపోతే ఊరి ప్రయాణాలకు మామూలు కొత్త కారే ఉంచుకోండి, ఇది ఊళ్లో తిరగడానికి చాలు.

సామాను దొరుకుతుందా అని భయపడొద్దు. 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగింది కానీ విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే చాలావరకు దొరుకుతుంది. రబ్బరు సామాను, ముఖ్యంగా తలుపు బీడింగులు, రెండు జతలు కొని పెట్టుకోండి.

మొదటిసారి తగలేసింది వదిలేస్తే, రెండోసారి సరిగ్గా చేయించడానికి మాకు మొత్తం 4 లక్షల 52 వేలు, ఎనిమిది నెలలు పట్టింది. ఒకేసారి పెట్టలేదు, విడతలుగా పెట్టాం. 2023 డిసెంబరులో మళ్లీ శ్రీశైలం వెళ్లాం, అదే ఘాట్. ముల్లు సగం దగ్గరే నిలబడింది. అమ్మ ఆ రాయి దగ్గర కాసేపు ఆపమంది, దిగి, బండి బానెట్ మీద చెయ్యేసి నిలబడింది, ఏమీ మాట్లాడలేదు.

ఈ ఆదివారం మీరు వెనక సీటు తీసి, కార్పెట్ ఎత్తి, కమాన్ పట్టీలు కలిసే చోట ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. అక్కడ రేకు ఎలా ఉందో చూశాక ఇంజిన్ సంగతి మాట్లాడుకుందాం.