చిట్టికి, పెట్టెలకు టేపు వేసేలోపు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ ఆయన దగ్గరికి టాంజానియాలోని దార్ ఎస్ సలాం వెళ్తూ, కొండాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు వాడకుండా పడేసిన పనిముట్లన్నీ పోగేసి అక్కడి వడ్రంగుల కోసం ఓడ సామానులో పెడుతున్నావట. "మూడు అట్టపెట్టెలు నిండాయిరా తమ్ముడూ" అని అక్క ఒకటే మురిసిపోయింది. నాకూ సంతోషమే. మన ఇంట్లో ఉలి పట్టిన చెయ్యి తాతయ్యతో ఆగిపోయిందనుకున్నాను, సాఫ్ట్‌వేర్ పిల్లవి నీకు ఈ ధ్యాస కలిగింది. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే నువ్వు "సరే మామయ్యా" అని మధ్యలోనే పెట్టేస్తావు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. కస్టమ్స్ వాళ్ళకు పేరూ లెక్కా ఉన్న జాబితా రాసి పెట్టుకో. చెక్కపెట్టెలో సర్దితే ఆ చెక్కకు పురుగు పోయేలా వేడి పట్టించినట్టు ముద్ర ఉండాలి, లేకపోతే రేవులో ఆపేస్తారు. కరెంటు డ్రిల్లులు వద్దు. అక్కడి వోల్టేజీ మనదే గానీ ప్లగ్గు వేరు కావచ్చు, పాడైతే చేసేవాడు దొరకాలి.

ఇంగ్లండులో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అని ఒక సంస్థ ఉంది. పాత పనిముట్లు సేకరించి, బాగుచేసి ఆఫ్రికాకు పంపుతారు. దొరికినవన్నీ కలగాపులగంగా కుమ్మరించరు. వడ్రంగికి ఒక సెట్టు, కమ్మరికి ఒకటి, కుట్టుపనికి ఒకటి, ఇలా కడతారు. నువ్వూ అలాగే కట్టు. పది స్క్రూడ్రైవర్లు పెట్టి ఒక్క మూలమట్టమూ లేని పెట్టెతో ఎవడూ తలుపు చెయ్యలేడు.

ఇక అసలు సంగతి. 1977 నవంబరు 19 గురించి మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. దివిసీమ మీద ఉప్పెన పడ్డ రోజు. నేను అప్పుడు హైదరాబాద్ ఆజమాబాద్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఇంటి కబురు తెలియడానికే రోజులు పట్టింది. తాతయ్య, అమ్మమ్మ, మీ అమ్మ బతికారు. ఇంట్లో పనిముట్లన్నీ నీళ్ళలో పోయాయి, బురదలో కూరుకుపోయి, చెక్కను చిత్రిక పట్టే రందా ఒక్కటే దొరికింది. ఊళ్ళో పడవలు విరిగాయి, ఇళ్ళు కూలాయి, బాగుచెయ్యడానికి మనుషులున్నారు గానీ చేతిలో సుత్తి లేదు.

నేను ఆవేశంగా హైదరాబాదంతా తిరిగాను. ఆజమాబాద్, సనత్‌నగర్, బాలానగర్, ఎక్కడ షాపు కనిపిస్తే అక్కడ ఆగి అడిగాను. అడిగినవాళ్ళందరూ ఇచ్చారు. ఎందుకివ్వరు, వాళ్ళు పారేద్దామనుకున్నవే కదా. రెండు గోనెసంచులు నింపి మన ఊరికి వెళ్ళే బియ్యం లారీలో వేయించాను. ఆ రాత్రి నేను చాలా గొప్పవాణ్ణని నాకే అనిపించింది.

ఆ సంచుల్లో ఇనుము తెంపే ఉలి ఒకటి ఉంది, షాపులో ఛేనీ అంటాం. ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బలు తిని దాని తల గొడుగులా విచ్చుకుంది. అంచులు వెనక్కి ముడుచుకుని, పగిలిన రేకుల్లా ఉన్నాయి. అలాంటి దాన్ని కొడితే ఆ రేకు ముక్క తూటాలా ఎగిరిపోతుంది. ఫిట్టర్ని, నాకు తెలియక కాదు. గ్రైండర్ మీద రెండు నిమిషాలు పడితే సరిపోయేది. సంచి మూతి కట్టే తొందరలో చూడలేదు. పక్కింటి కుర్రాడు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, విరిగిన పడవలో తుప్పుపట్టిన బోల్టు తెంపుతుంటే ముక్క వచ్చి ఎడమ కంట్లో దిగింది. కన్ను పోయింది.

నెల తర్వాత ఊరెళ్ళాను. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు, టీ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు అందుకోవడానికి నా చెయ్యి లేవలేదు. తాతయ్య మాత్రం ఆ ఛేనీ తెచ్చి నా ముందు పడేసి, "సంచి నిండా పంపావు గదా, చెయ్యి పెట్టి ఒక్కటైనా చూశావట్రా?" అన్నాడు. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుకని, చిట్టీ, నీ మూడు పెట్టెలూ నేల మీద కుమ్మరించు. సుత్తి దెబ్బ తినే ప్రతి వస్తువు తల చూడు, అంచు రవ్వంత విచ్చుకున్నా పక్కన పెట్టు. సుత్తి పట్టుకుని ఊపు, తల కదిలితే పిడిలో చీల కొట్టి బిగించాలి. పిడి లేని ఆకురాయి పెట్టొద్దు, జారితే దాని తోక అరచేతిలోంచి దూసుకుపోతుంది. పిడులు రాణిగంజ్‌లో దొరుకుతాయి, నేను తెస్తాను. పళ్ళ కొసలు నల్లగా, నీలంగా కనిపించే రంపాలు వద్దు. అవి గట్టిపరిచిన పళ్ళు, వాటి మీద ఆకురాయి జారిపోతుంది గానీ కొరకదు. మొద్దుబారాక వాటితో ఏం చేస్తారు? తుప్పు పట్టినవాటిని రాత్రంతా చింతపండు నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే తోమి కడిగి, తడి లేకుండా తుడిచి వెంటనే నూనె రాయి. పైన గ్రీజు పూసి పేపర్లో చుట్టు. సముద్రం మీద అన్ని రోజుల ప్రయాణం మరి.

భయపెడుతున్నానని అనుకోకు. నువ్వు చేసేది మంచి పని. అక్కడ పనివాణ్ణి ఫుండి అంటారు. ఒకప్పుడు యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల సంస్థకు శిక్షణకొచ్చిన టాంజానియా ఆయనొకరు మా షాపు చూడటానికి వచ్చి, మూలన ఉన్న రందా తీసి "రందా" అన్నాడు. మా వడ్రంగి నోరు తెరిచాడు. వాళ్ళ భాషలోనూ దాని పేరు అదేనట! ఇద్దరూ దాని మీద వేలు పెట్టి ఒకరినొకరు చూసుకుంటూ ఎంతసేపు నవ్వారో. నువ్వెళ్ళాక ముందు ఒక ఫుండి దగ్గర కూర్చుని నీకేం కావాలని అడుగు, పెట్టెలు ఆ తర్వాత తెరువు.

తాతయ్య రందా కూడా పెట్టెలో వేద్దామా అని అక్క అడిగింది. అది నా అటక మీదే ఉంది. బ్లేడు ఇంకా బాగుంది, పోయినేడే పదును పెట్టాను. ఏమీ చెప్పలేదు అక్కతో.

ఆదివారం పొద్దున వస్తున్నాను, చిన్న గ్రైండర్ తెస్తాను. బాల్కనీలో ప్లగ్గు పాయింటు ఉంచు. గ్రైండర్ దగ్గర పెట్టుకునే కళ్ళద్దాలు నాకున్నాయి, నీకు కొత్తవి కొన్నాను. నేను వచ్చేదాకా ఒక్క పెట్టెకూ టేపు వెయ్యొద్దు.

మీ మామయ్య